సెట్టుల దొరకని చప్పుడు

దయ్యాలు, గాలి సోకుడు, చేతబడి లాంటివి నేను ఎన్నడూ నమ్మలే. ఈ మాట మొదలే చెప్తున్న. ఎందుకంటే ఇది చదివినంక చాలామంది నన్ను అట్లాంటోన్ని అనుకుంటరు.

జహీరాబాద్‌ల నాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, పాత రాగితీగ పీకి, కొత్తది చుట్టుడు నా పని. ఇరవై ఎనిమిదేండ్ల సంది ఇదే. మోటారుల చప్పుడు వస్తే అది బేరింగ్‌దా, షాఫ్ట్‌దా, తీగ వదులైందా అని చెవి పెట్టి చెప్త. ప్రతి చప్పుడుకు ఒక జాగ ఉంటది. ఆ జాగ దొరికితే చప్పుడు పోతది. నాకు తెలిసింది ఇంతే.

షాపు వెనకనే ఇల్లు. నేను, నా భార్య ఉంటం.

పోయిన వానకాలం షాపుల పని తక్కువుండె. వానలు పడుతుంటే బోర్లు నడవయి, మోటార్లు కాలవు. ఖాళీగ కూసోలేక చాన ఏండ్లుగ మనసుల ఉన్న పని ఒకటి మొదలుపెట్టిన. వాల్వులతో పాటల ఆంప్లిఫయర్ తయారు చేసుడు. వాల్వులంటే పాత రేడియోలల్ల ఎర్రగ వెలుగుతుండె కదా, ఆ గాజు బుడ్లు. చిన్నప్పుడు నేను రేడియో పని నేర్చుకున్న ఉస్తాద్ తన దగ్గర మిగిలిన వాల్వులన్నీ ఒక రేకు డబ్బల పెట్టి నాకు ఇచ్చిండు. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటినయి. చెవులు మాత్రం మంచిగ పనిచేస్తయి.

ట్రాన్స్‌ఫార్మర్లు నేనే చుట్టుకున్న, అది నా పనే కదా. మూడు వాల్వులు, ఒక స్పీకర్, ఒక చెక్క డబ్బ. రెండు నెలలు పట్టింది. మొదటిసారి పాట పెట్టిన రోజు నా భార్య వంటింట్ల నుంచి చేతులు తుడుచుకుంట వచ్చి నిలబడి, "పాడెటోళ్లు ఇంట్లనే ఉన్నట్టున్నది" అన్నది. ఆ వారమే మా అక్క, బావ డాక్టర్ దగ్గరికి జహీరాబాద్‌కు వచ్చి, మా ఇంట్ల ఆగి, ఒక గంట పాటలు విన్నరు. వాళ్లిద్దరు కలిసి ఆ సెట్టు ముందట కూసున్నది ఆ ఒక్కసారే.

అక్క, బావల గురించి కొంచెం చెప్పాలె. వాళ్లది కోహీర్ దగ్గర పల్లె, మాకు ఇరవై కిలోమీటర్లు. అల్లం, చెరుకు పండిస్తరు. అక్కకు రెండేండ్ల కింద జ్వరం వచ్చి ఊపిరితిత్తులు గట్టిపడ్డయి. ఇంట్లనే ఆక్సిజన్ మిషన్ పెట్టుకున్నరు. నాలుగడుగులు ఎక్కువ నడిస్తే ఎగపోస్తది. పిల్లలు లేరు. వండుడు, ఆమెకు నీళ్లు పోసుడు, ఆవిరి మందు పట్టుడు అన్నీ బావనే చేస్తుండె. బావ పుట్టింది న్యాల్‌కల్ దిక్కు, కర్ణాటక అంచుల. ఇంట్ల చిన్నప్పుడు కన్నడం మాట్లాడిన మనిషి. "బావా, నీ పానం ఎట్లున్నది?" అని ఎప్పుడు అడిగినా "ఏనిల్ల, ఏనిల్ల" అని చెయ్యి ఊపేటోడు. ఏం లేదు, అని. అంతకు మించి తన గురించి మాట్లాడెటోడు కాదు.

సెట్టు తయారైన మూడు నాలుగు వారాలకు చప్పుడు మొదలైంది.

ఒక పగటిపూట పాట నడుస్తుంటే నడుమల ఖర్‌ఖర్ అన్నది. ఎండిన కందికాయలు గంపల పోసి ఊపినట్టు. ఆగింది. మళ్ల వచ్చింది. ఈసారి కొంచెం గుంజినట్టు, ఆగి ఆగి వచ్చింది. పది నిమిషాలు అట్ల చేసి దానంతట అదే పోయింది. నేను పట్టించుకోలే. చేత్తో కట్టిన సెట్టుకు ఎక్కడో తీగ అతికించిన టాంకా ఒకటి వదులుంటదిలే అనుకున్న.

ఆ టాంకా నాకు దొరకలే.

ఇట్ల వచ్చిపోయే చప్పుడంత చెడ్డది ఇంకోటి లేదు. ఎప్పటికీ ఉండే చప్పుడైతే మీటర్ పెట్టి పట్టుకోవచ్చు. ఇది నేను స్క్రూలు తీసి సెట్టు విప్పి, పేచ్‌కస్ పట్టుకొని కూసుంటే రెండు రోజులైనా రాదు. బిగించి, చేతులు కడుక్కొని వచ్చినంక వస్తది. వాల్వులు మూడూ మార్చిన. వాల్వులు కూసునే సాకెట్లు సాఫ్ చేసి పిన్నులు బిగించిన. టాంకాలన్నీ మళ్ల పెట్టిన. కండెన్సర్లు, రెసిస్టర్లు కొత్తయి వేసిన. మార్చిన ప్రతిసారి వారం రోజులు చప్పుడు ఉండదు. నేను గెలిచిన అనుకుంట. ఎనిమిదో రోజు ఖర్‌ఖర్.

షాపుల మోటార్లు నడిచినప్పుడు కరెంటుల గడబిడ ఉంటదేమో అని మెయిన్ స్విచ్ బంద్ చేసి ఇన్వర్టర్ మీద నడిపిన. వచ్చింది. ఫోన్ సిగ్నల్ వల్లనేమో అని ఇంట్ల ఫోన్లు రెండూ బంద్ చేసి పెట్టిన. వచ్చింది. పాట వచ్చే తీగ పీకేసిన. పాట లేదు, చప్పుడు వచ్చింది. మొదటి వాల్వు తీసి చేతుల పట్టుకున్న. అది లేకుంటే సెట్టు మూగ కావాలె. కాలే. స్పీకర్‌ల నుంచి ఆ గుంజుడు సాఫుగ వినపడ్డది. ఆఖరుకు ట్రాన్స్‌ఫార్మర్ కూడ విప్పి మళ్ల చుట్టిన. నాలుగు రోజుల పని. రెండు వారాలు కూడ ఆగలే.

ఉస్తాద్‌ను ఆటోల తీసుకొచ్చిన. ఆయన నసీబు మంచిదో నాది చెడ్డదో, ఆయన ఉన్నప్పుడే చప్పుడు వచ్చింది. పెన్సిల్ పట్టుకొని ఒక్కో వాల్వును మెల్లగ తట్టిండు. ఒక్కో తీగను కదిలించిండు. తట్టినప్పుడు చప్పుడు పెరగాలె, లేకుంటే తగ్గాలె. ఏం కాలే. అది తన లెక్కన తను వస్తున్నది. పెన్సిల్ బల్ల మీద పెట్టి, "బేటా, సెట్టుల ఏం ఖరాబీ లేదు. కామ్ అచ్ఛా కియా, పని మంచిగ చేసినవ్. ఇది సెట్టుల పుట్టిన చప్పుడు కాదు" అన్నడు.

"మరి ఎక్కడిది ఉస్తాద్?"

"నాకేం తెలుసు?" అన్నడు. చాయ్ తాగి పోయిండు.

నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్న. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, అప్పుడు ఓల్టేజి ఎంత, షాపుల ఏం నడుస్తున్నది, అన్నీ రాసుడు మొదలుపెట్టిన. కొన్ని రోజులు రాస్తే ఏదన్న ఒక దారి దొరుకుతదని ఆశ.

దారి నా భార్య చూపించింది. ఒకరోజు పొద్దుగాల పదింటికి చప్పుడు వస్తుంటే ఆమె కూరగాయలు కోస్తున్నది. కత్తి ఆపి, "జర ఇనుండ్రి. ఇది మా వదినె ఎగపోసినట్టే లేదా?" అన్నది.

నాకు కోపమొచ్చింది. "నోరు మూసుకో, అట్లాంటి మాటలనొద్దు" అన్న. ఆమె మళ్ల కత్తి అందుకున్నది. గంట తర్వాత బావ ఫోన్ చేసిండు. "పొద్దుగాల మీ అక్కకు జర ఎక్కువైంది బామ్మర్ది. మందు పట్టిన. ఇప్పుడు నిమ్మళం" అన్నడు. ఎన్ని గంటలకు అని అడిగిన. పదింటికి అన్నడు.

నేను ఆ మాట భార్యకు చెప్పలే. కాని ఆమె నా మొఖం చూసి తెలుసుకున్నది.

ఆవిరి మందు పట్టినప్పుడల్ల బావ గోడ క్యాలెండర్ మీద టైం రాస్తుండె, డాక్టర్‌కు చూపించేందుకు. ఆ ఆదివారం నేను అక్కను చూసేందుకు పోయి, ఆ క్యాలెండర్ ఫోటో తీసుకొచ్చిన. ఇంటికొచ్చి నోట్‌బుక్ పక్కన పెట్టిన. నా నోట్‌బుక్‌ల పదకొండుసార్లు చప్పుడు వచ్చింది. ఎనిమిది అక్కకు ఎగపోసిన టైములే. ఐదు నిమిషాలు అటు, ఇటు. మిగిలిన మూడింటికి క్యాలెండర్ మీద ఏం లేదు. ఆ మూడు సెట్టు ఖరాబీ అనుకున్న. ఎనిమిది ముందట మూడు ఏం లెక్క?

ఆ మూడే నేను పట్టుకోవాల్సి ఉండె. అది అప్పుడు తెల్వలే.

ఆ రోజు నుంచి చప్పుడును తీసేసే పని బంద్ చేసిన. పొద్దుగాల షాపు తెరవంగనే సెట్టు ఆన్ చేసి పెడుతుంటి. పాట లేకుండ, ఉత్తగ. షాపుల తీగ చుడుతున్నా నా చెవి వెనక ఇంట్లనే ఉంటుండె. ఖర్‌ఖర్ అంటే చుట్ల లెక్క తప్పుతుండె. చేతుల పని వదిలి ఫోన్ చేస్తుంటి. బావ ఎత్తి, "నీకెట్ల తెల్సింది?" అనేటోడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుంటి. ఏమని చెప్పాలె? నేను కట్టిన డబ్బల నుంచి మా అక్క పానం వినపడుతున్నదని చెప్పాల్నా?

తెల్సుకొని చేసేది కూడ ఏం లేకుండె. ఇరవై కిలోమీటర్ల దూరాన కూసొని ఆమె కష్టం వినుడు ఒక్కటే. అది ఆగేదాక ఊపిరి బిగపట్టుకొని సెట్టు ముందట నిలబడుతుంటి. నా భార్య దేవుని అర్రల దీపం పెట్టుకుంటుండె. ఇద్దరం అంతే చేసేటోళ్లం.

ఒక్కసారి మాత్రం పనికొచ్చింది. చప్పుడు ఇరవై నిమిషాలైనా ఆగలే. ఫోన్ చేస్తే బావ ఎత్తి, ఆగి ఆగి మాట్లాడిండు. "మందు పడుతలేదు... ఎత్తుకొని బయటికి తెస్తున్న..." ఆయనకు కూడ ఎగపోస్తున్నది. భార్యను ఎత్తుకొని నడుస్తున్న మనిషి అట్లనే మాట్లాడతడు కదా అనుకున్న. ఇక్కడి నుంచి నేనే అంబులెన్స్‌కు చెప్పిన. అక్క నాలుగు రోజులు దవాఖానల ఉన్నది, బతికింది. అక్కడొక నర్సు బావను చూసి, "పెద్దాయన, మీరు కూడ ఒకసారి చూపించుకోండ్రి, మొఖం తెల్లబడ్డది" అన్నది. బావ చెయ్యి ఊపిండు. "ఏనిల్లమ్మా, నిద్ర లేక" అన్నడు. నేను పక్కనే ఉన్న. నేను కూడ నిద్ర లేకనే అనుకున్న.

ఆ తర్వాత నెలకు, ఒక మంగళవారం.

పొద్దుగాల పదకొండు దాటి పది నిమిషాలైంది. చప్పుడు మొదలైంది. ఈసారి ముందటి లెక్క లేదు. ఒక గట్టి గుంజుడు, చాలాసేపు ఏం లేదు, మళ్ల గుంజుడు. బావకు ఫోన్ చేసిన. మోగింది, ఎత్తలే. అక్కకు చేసిన. ఎత్తలే. మళ్ల ఇద్దరికీ చేసిన. అంబులెన్స్‌కు చెప్దామంటే ఏమని చెప్పాలె, అక్కడ ఏమైందో నాకే తెల్వదు. "నువ్వు సెట్టు దగ్గరనే ఉండు" అని భార్యకు చెప్పి బండి తీసిన.

ఆ తొవ్వ మీద ఏం చూసిన్నో నాకు యాదికి లేదు. లారీల వెనక ఇరికినప్పుడు గట్టిగ అరిచినట్టు మాత్రం యాదికున్నది.

పోయేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. చెప్పులతోనే లోపలికి ఉరికిన. అక్క మంచం మీద కూసొని చాటల బియ్యం ఏరుతున్నది. ముక్కుకు పైపు ఉన్నది, మిషన్ నడుస్తున్నది. నన్ను చూసి చాట పక్కన పెట్టి, "ఏమైంది తమ్మీ? గట్ల ఉరికొచ్చినవ్?" అన్నది.

"ఫోన్ ఎందుకు ఎత్తలేవక్కా?"

"మిషన్ చప్పుడుల వినపడలేనట్టుంది. ఏమైంది చెప్పు?"

వేలుకు పెట్టే ఆక్సిజన్ మీటర్ తీసి ఆమె వేలుకు పెట్టిన. తొంభై నాలుగు. ఈ మధ్యల ఇంత మంచిగ ఎన్నడూ లేదు. అక్కడనే కింద కూసొని చెంబెడు నీళ్లు తాగిన.

"బావేడి?" అన్న.

"అల్లం మడికి నీళ్లు పెట్టేందుకు పోయిండు. ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి మరిచిపోయిండు. వచ్చే యాళ్లనే అయింది, అన్నం తిని పోదువు" అన్నది.

నేను కూసున్న. వచ్చినోన్ని ఉత్తగ ఎందుకు ఉండాలె అని ఆక్సిజన్ మిషన్ ఫిల్టర్ తీసి కడిగిన. ప్లగ్గు వదులుంటే బిగించిన. నాకు తేలికగ ఉండె. నెలల సంది మొదటిసారి.

పన్నెండు దాటినంక నా భార్య ఫోన్ చేసింది. "అది ఆగుతలేదు. నాకు భయమైంది. ఆఫ్ చేస్తే వదినెకు నిమ్మళమైతదేమోనని ఆఫ్ చేసిన. అయినా వస్తున్నది. ప్లగ్గు కూడ పీకిన. అయినా వస్తున్నది."

"అక్క నా ముందటనే ఉన్నది. మంచిగున్నది. అది ఉత్త సెట్టు ఖరాబీ, ఏం లేదు, వదిలేయ్" అన్న. ఆ మాట అనంగ నాకు సంతోషమైంది కూడ. ఇన్ని రోజులు నా నోట్‌బుక్, నా భయం అంతా తప్పు లెక్కేనని. అక్క దిక్కు చూసి నవ్విన. ఫోన్‌ల నా భార్య సెట్టు దగ్గరికి నడిచిన అడుగులు వినపడ్డయి. తర్వాత, "ఆగింది" అన్నది.

పది నిమిషాలకు పక్క చేను రైతు బండి మీద వచ్చిండు. బండి స్టాండు కూడ వెయ్యలే, కింద పడేసి లోపలికి వచ్చిండు. బావ మడి కాడ బోరు స్టార్టర్ డబ్బ దగ్గర, గట్టుకు ఒరిగి ఉన్నడు. నేను అక్కడికి ఉరికి పోయేసరికి ఇంక వెచ్చగనే ఉన్నడు. ఛాతి మీద ఒత్తిన, నోట్ల గాలి ఊదిన. ఎవరో నా భుజాలు పట్టుకొని లేపేదాక ఒత్తుకుంటనే ఉన్న.

ఆ రైతు ఒక మాట చెప్పి ఏడ్చిండు. పదకొండున్నరకు అవతలి గట్టు మీది నుంచి చూసిండట. బావ కూసోనే ఉన్నడట. నీడకు ఆగిండనుకున్నడట. ఆ మడి మా అక్క ఇంటి నుంచి నడిస్తే ఐదు నిమిషాల దూరం. ఆయన అక్కడ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నేను ఇంట్ల ఫిల్టర్ కడుగుతున్న.

గుండె అన్నడు డాక్టర్. కొత్తది కాదన్నడు. దినాలైనంక అక్క పెట్టె సర్దితే బావ అంగీల మడత నడుమ గుండె పరీక్ష కాగితం, గోళీల చీటీ దొరికినయి. నేను సెట్టు కట్టుడు మొదలుపెట్టక ముందటివి. తను పడిపోతే అక్కను ఎవరు చూస్తరని దాచిపెట్టుకున్నడు.

నోట్‌బుక్ మళ్ల తెరిచిన. అక్కకు ఎగపోసిన ఎనిమిదిసార్లూ ఆమెను ఎత్తింది, ఉరికింది, మందు పట్టింది ఆయనే; ఆ టైములల్ల ఎగపోసింది ఆయనకు కూడ. మిగిలిన ఆ మూడు రోజుల గురించి అక్కను అడిగిన. ఒకటి, అల్లం బస్తాలు ట్రాక్టర్ ఎక్కించిన రోజు. ఇంకోటి, రాయికోడ్‌ల పెండ్లికి పోయి చెమటలు కారుకుంట వచ్చి మాట్లాడకుండ పండుకున్న రోజు. మూడోది ఆమెకు యాదికి లేదు. ఆ రోజు ఏం కాలేనట్టే ఉన్నది, అన్నది.

ఇంక మిగిలింది, ప్లగ్గు పీకినా చప్పుడు వచ్చిందన్న సంగతి. నాకు తెల్సిన లెక్క ప్రకారం కండెన్సర్లల్ల కొంచెం కరెంటు నిలుస్తది, వాల్వులు చల్లారేదాక ఒక పదిహేను ఇరవై సెకండ్లు శబ్దం రావచ్చు. నా భార్య చెప్పేది పావుగంట. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అంత భయంల టైం సరిగ తెలుస్తదా అంటే అది కూడ నేను చెప్పలేను.

నెలమాసికం అయినంక అక్కను మా ఇంటికి తెచ్చుకున్నం. ఒకరోజు నా భార్య ఏడ్చుకుంట ఆమెకు అంతా చెప్పేసింది. అక్క నన్ను పిలిచి, "తమ్మీ, ఆ చప్పుడు నాకు జర వినిపియ్" అన్నది.

సెట్టు ఆన్ చేసిన. ఏం రాలే. ఆ మంగళవారం తర్వాత ఒక్కసారి కూడ రాలే. మర్నాడు మళ్ల అడిగింది. వారం రోజులు అడిగింది. ఆఖరుకు నేను పీకేసిన పాత రెసిస్టర్లు, కండెన్సర్లు వెతికి తెచ్చి మళ్ల వేసిన. సాకెట్ పిన్నులు వదులు చేసిన. టాంకా ఒకటి కావాలని కదిలించి పెట్టిన. ఇన్నేండ్ల పనిల చప్పుడు పుట్టించాలని కూసున్నది అదే మొదటిసారి. ఖర్‌ఖర్ అన్నది. అక్క నా భార్య దిక్కు చూసింది. "ఇది కాదు వదినె" అన్నది నా భార్య. నాకు కూడ తెల్సు. అది ఉత్త వదులు టాంకా చప్పుడు.

అన్నీ మళ్ల సరిచేసిన. ఇప్పుడు సెట్టు మంచిగ పాడతది. అక్క మాత్రం పాట పెట్టనియ్యది. పొద్దుగాల పదకొండు అయితే తనే లేచి ఆన్ చేసి, ముక్కుకు పైపు పెట్టుకొని దాని ముందట కూసుంటది. వాల్వులు ఎర్రగ వెలుగుతుంటయి. స్పీకర్‌ల నుంచి చిన్న శబ్దం కూడ రాదు. గంటసేపు అట్ల కూసొని ఆఫ్ చేస్తది.

ఇదంతా ఎందుకైందో, ఎట్లైందో నాకు తెల్వదు. ఎవరన్న తెల్సినోళ్లు ఇది ఇట్లనే అయి ఉంటదని చెప్తే వినేందుకు నేను తయారుగ ఉన్న. చప్పుడు సంగతి తెల్వకున్నా బతకొచ్చు. ఆ రోజు వేలు మీటర్ చూసి నిమ్మళపడి కూసునే బదులు, బావ ఏడి అని అడిగి ఊకునే బదులు, ఒక్కసారి లేచి మడి దాక ఎందుకు పోలేదో అక్క నన్ను ఇప్పటిదాక అడగలే. రోజూ పదకొండింటికి ఆమె వెనక నిలబడి, ఇవాళ అడుగుతదేమో అనుకుంట.